మన మిద్దెకు స్మార్ట్ థర్మోస్టాట్ కావాలా?



మీ ఇంట్లో థర్మోస్టాట్ ఉందా అని అడిగితే మార్కాపురంలోనైనా గిద్దలూరులోనైనా చాలామంది లేదనే చెబుతారు. నిజానికి ఉంది. ఇస్త్రీ పెట్టెలోనే ఉంది. నూలు బట్టల గుర్తు దగ్గరకు చక్రం తిప్పి పెడతాం, ఎర్ర దీపం వెలుగుతుంది, కాసేపటికి లోపల టక్కుమని శబ్దం వచ్చి దీపం ఆరిపోతుంది. రెండు రకాల లోహాలను అతికించి చేసిన చిన్న రేకు లోపల ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగా, ఒకటి తక్కువగా సాగడంతో రేకు వంగి కరెంటును తెంపేస్తుంది. చల్లారితే మళ్లీ సర్దుకుని కరెంటును కలుపుతుంది. ఫ్రిజ్‌లో ఉన్నదీ గీజర్‌లో ఉన్నదీ ఈ పని చేసేదే. ఇంత వేడి చాలు, ఇంత చల్లదనం చాలు అని మనం చెప్పిన మాటను అది కాపలా కాస్తుంది.

ఇల్లంతటికీ ఇలాంటి కాపలాదారు ఉండాలన్న ఆలోచన చలి దేశాల్లో పుట్టింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం వైట్‌వాటర్ ఊళ్లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. కింద కొలిమి రాజేసే మనిషి మాటిమాటికీ తరగతి గదుల్లోకి వచ్చి చలి ఎంత ఉందో చూసి పోతుంటే పాఠం సాగేది కాదు. దాంతో గదిలో చలి పెరగగానే కొలిమి దగ్గర గంట మోగించే విద్యుత్ పరికరం తయారు చేసి 1883లో పేటెంటు తీసుకున్నాడు. అక్కడి నుంచి నూటపాతికేళ్లకు పైగా గడిచాక, 2011లో, ఆపిల్‌లో ఐపాడ్ రూపకల్పనకు నాయకత్వం వహించిన టోనీ ఫాడెల్ 'నెస్ట్' అనే గుండ్రటి పరికరాన్ని తెచ్చాడు. ఇంట్లోవాళ్లు ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు బయటికి వెళతారో, ఎంత చల్లదనం కోరుకుంటారో కొన్నాళ్లు గమనించి, ఆ తర్వాత తనంతట తానే సర్దుకోవడం దాని ప్రత్యేకత. 2014లో గూగుల్ ఆ కంపెనీని 320 కోట్ల డాలర్లకు కొనేసింది. స్మార్ట్ థర్మోస్టాట్ అనే మాట ఇళ్లల్లోకి వచ్చింది అప్పుడే.

మన ఊళ్లకు ఈ మాట డల్లాస్ మీదుగా వచ్చింది. అక్కడ ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఇల్లు కొనుక్కున్న మన పిల్లలు వీడియో కాల్‌లో గోడ మీది గుండ్రటి అద్దాన్ని చూపిస్తారు. "నాన్నా, ఆఫీసు నుంచి బయలుదేరేముందు ఫోన్‌లో నొక్కితే చాలు, ఇంటికి వచ్చేసరికి చల్లగా ఉంటుంది" అంటారు. ఇక్కడ నాన్నగారు మే నెల రాత్రి డాబా మీద నీళ్లు చల్లి మంచం వేసుకుంటూ ఆ మాట వింటారు. వచ్చే సెలవులకు పెట్టెలో ఒకటి పెట్టుకొస్తానని కొడుకు అంటాడు. వద్దని చెప్పండి. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

డల్లాస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలోని ఇంట్లో చల్లటి గాలి ఒకేచోట తయారై, అటక మీది గొట్టాల ద్వారా అన్ని గదులకూ పోతుంది. నాలుగు పడక గదులు, హాలు, వంటగది, మనిషి అడుగుపెట్టని అతిథి గది, అన్నీ చల్లబడుతూనే ఉంటాయి. పొద్దున ఎనిమిదింటికి భార్యాభర్తలు ఉద్యోగాలకు, పిల్లలు బడికి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆ చల్లదనమంతా ఖాళీ కుర్చీలకే. స్మార్ట్ థర్మోస్టాట్ ఆదా చేసేది సరిగ్గా ఈ దుబారానే. ఇల్లు ఖాళీ అని తెలిస్తే యంత్రాన్ని నెమ్మదింపజేస్తుంది. అమెరికా ప్రభుత్వ ఎనర్జీ స్టార్ లెక్క ప్రకారం ఆ ఇళ్లల్లో వేడికీ చల్లదనానికీ అయ్యే ఖర్చులో సగటున 8 శాతం దాకా మిగులుతుంది. అంత దుబారా ఉన్నచోట కూడా మిగిలేది అంతే.

ఇక మన ఇంటికి వద్దాం. మూడు గదుల ఇల్లు. ఏసీ ఉన్నది ఒక్క పడక గదిలో. రాత్రి తొమ్మిదిన్నరకు వేస్తారు, అమ్మ తెల్లవారుజామున లేవగానే ఆపేస్తుంది. మధ్యలో ఎవరైనా తలుపు తెరిచి ఉంచితే "చల్లగాలంతా పోతోంది, తలుపెయ్యండ్రా" అని పక్క గదిలోంచి కేక వినిపిస్తుంది. ఖాళీ గదిలో ఏసీ తిరగడమన్నది ఆ ఇంట్లో జరగని పని. లేని దుబారాను ఏ పరికరం ఆదా చేస్తుంది?

పైగా డల్లాస్ నుంచి వచ్చిన ఆ గుండ్రటి పెట్టె మన గోడకు అతకదు. అక్కడి థర్మోస్టాట్ 24 వోల్టుల సన్నటి తీగలతో మొత్తం ఇంటి యంత్రానికి కలిసి పనిచేస్తుంది. మన స్ప్లిట్ ఏసీకి అలాంటి తీగలే లేవు. దాని థర్మోస్టాట్ దాని కడుపులోనే ఉంది. గదిలోని గాలిని లోపలికి పీల్చే చోట చిన్న పూసలాంటి సెన్సరు వేలాడుతూ ఉంటుంది, అదే ఉష్ణోగ్రత కొలుస్తుంది. మన చేతిలోని రిమోట్ ఆ పూసకు మాట చేరవేసే సాధనం మాత్రమే. కొడుకు ప్రేమతో తెచ్చిన ఆ పెట్టెకు రెండు వందల డాలర్లకు పైనే అయి ఉంటుంది. అది షోకేసులో తిరుపతి లడ్డూ డబ్బా పక్కన కూర్చుంటుంది.

మన దేశంలో స్మార్ట్ పేరుతో దొరుకుతున్న సరుకు వేరు. కొన్ని ఏసీలకు వైఫై కంపెనీ నుంచే వస్తుంది. పాత ఏసీకైతే అరచేతిలో పట్టే చిన్న నల్ల బిళ్ల ఒకటి అమ్ముతారు. వెయ్యి, రెండు వేల రూపాయల మధ్యలో ఉంటుంది. అది రిమోట్ పంపే కిరణాలనే పంపుతుంది, మనం ఫోన్‌లో నొక్కితే అది ఏసీకి చెబుతుంది. చెప్పడమే గాని, ఏసీ విన్నదో లేదో దానికి తెలియదు. మధ్యలో కరెంటు పోయి వచ్చిందనుకోండి, ఏసీ ఆగిపోయి ఉన్నా ఫోన్‌లో మాత్రం 'ఆన్' అనే చూపిస్తుంది. రౌటర్‌కు ఇన్వర్టర్ లైను ఇవ్వకపోతే కరెంటు పోగానే అసలు మాటే అందదు. అన్నిటికీ మించి మన ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది. ఏసీ ఆపగానే గోడ మీది మెయిన్ స్విచ్చి కూడా దించేస్తారు. స్టెబిలైజర్ దీపం ఊరికే వెలుగుతుంటే అమ్మకు నిద్ర పట్టదు. అక్కడ డల్లాస్‌లో కొడుకు ఫోన్ తెరిచి చూస్తే 'ఆఫ్‌లైన్' అని వస్తుంది. ఫోన్ చేసి అడిగితే "కరెంటు దండగ కదరా, ఆపేశా" అంటుంది. నన్నడిగితే ఆ ఇంట్లో స్మార్ట్‌గా పనిచేస్తున్నది ఆమే.

సరే, బిల్లు లెక్క కూడా చూద్దాం. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటుకు 2022 నుంచి ఉన్న స్లాబులు మీకు తెలిసినవే. 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్‌కు 6 రూపాయలు. 225 దాటితే ఒక్కసారిగా 8 రూపాయల 75 పైసలు. 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. ఏసీ లేకుండా నెలకు 140 యూనిట్లు కాలే ఇల్లు అనుకుందాం. టన్నున్నర ఏసీ రాత్రికి ఎనిమిది గంటలు, గంటకు యూనిట్ చొప్పున తిరిగితే నెలకు 240 యూనిట్లు. మొత్తం 380. అంటే ఏసీ కాల్చిన యూనిట్లలో మొదటి 85 ఆరు రూపాయల లెక్కన, మిగతా 155 ఎనిమిది డెబ్భై ఐదు లెక్కన పడతాయి. ఏసీ ఒక్కదానికే నెలకు 1,866 రూపాయలు. సుంకం, సర్దుబాటు చార్జీలు వేరే.

ఇప్పుడు ఆ నల్ల బిళ్ల పదో వంతు ఆదా చేసిందనే ఒప్పుకుందాం. 24 యూనిట్లు, 210 రూపాయలు. వేసవి మూడు నెలలకు 630. బిళ్ల ఖరీదు తిరిగి రావాలంటే రెండు మూడు వేసవులు పడుతుంది. అది కూడా పదో వంతు నిజంగా మిగిలితే.

అదే ఆదా ఊరికే కూడా వస్తుంది. 24లో ఉన్న రిమోట్‌ను 26కు పెట్టి, పైన ఫ్యాను ఒకటో రెండో నంబరులో తిప్పండి. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతోంది. అందుకే 2020 జనవరి 1 నుంచి అమ్మే ఏసీలన్నీ వేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. రెండు డిగ్రీలు పెంచితే 12 శాతం, పైసా ఖర్చు లేకుండా. రిమోట్ మీద చందమామ గుర్తుతో ఒక మీట ఉంటుంది చూశారా? నిద్ర పట్టాక గంటకో డిగ్రీ చొప్పున కాస్త పెంచి అక్కడ నిలిపేది అదే. పక్కనే టైమర్ ఉంటుంది. చాలా ఇళ్లల్లో ఈ రెండింటి మీదా వేలు పడనే పడదు.

ఇంకో అపోహ ఉంది. ఎండన పడి వచ్చి ఏసీని 18 మీద పెడితే గది త్వరగా చల్లబడుతుందని. పడదు. ఇస్త్రీ పెట్టెను పట్టు మీద పెట్టినా నూలు మీద పెట్టినా వేడెక్కే జోరు ఒక్కటే, ఎక్కడ ఆగాలన్నదే తేడా. ఏసీ కూడా అంతే. వేడిగా ఉన్న గదిలో 18 అన్నా 25 అన్నా మొదట్లో తన పూర్తి బలంతోనే తిరుగుతుంది. 18 అని చెబితే ఆ అంకె అందక తెల్లవార్లూ తిరుగుతూనే ఉంటుంది.

ఇంతవరకూ చెప్పింది ఒంగోలుకూ వర్తిస్తుంది, విజయవాడకూ వర్తిస్తుంది. మన పడమటి ప్రాంతానికి ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. ఆ ఏడాది ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిపారు, రెండేళ్లకు దానికి ప్రకాశం పేరు వచ్చింది. కాగితాల మీద మనం అప్పట్లో సముద్రం ఉన్న జిల్లా వాళ్లం అయ్యాం గాని, ఎండ మాత్రం కర్నూలు ఎండే మిగిలింది. ఒంగోలులో 38 డిగ్రీలకే ఒళ్లంతా జిడ్డు. ఇక్కడ 42లో కూడా చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. వీధిలో ఆరేసిన దుప్పటి గంటలో పెళపెళలాడుతుంది. ఆ పొడిగాలి మనకు శత్రువూ, చుట్టమూ కూడా.

చుట్టం ఎలాగంటే, పొడిగాలిలో కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. లీటరు నీరు ఆవిరైతే దాదాపు యూనిట్‌లో మూడింట రెండు వంతుల కరెంటుకు సమానమైన వేడిని గాలిలోంచి లాగేసుకుంటుంది. బయట 42 డిగ్రీలుండి, గాలిలో తేమ 20 శాతం ఉంటే, మంచి కూలరులోంచి 28కి దగ్గరలో గాలి వస్తుంది. ఒంగోలులో 38 డిగ్రీలు, తేమ 50 శాతం ఉన్న రోజున అదే కూలరు 31 దాకా తేగలదు, దాంతో పాటు గదిని ఆవిరి గదిని చేసి పెడుతుంది. కరెంటు చూస్తే ఓ మోస్తరు కూలరుకు 180 వాట్లు, అంటే రాత్రికి యూనిట్‌న్నర లోపే. ఏసీ ఎనిమిది యూనిట్లు కాల్చే చోట ఇది యూనిట్‌న్నరతో సరిపెడుతోంది. ఇంత తేడా చూపించే స్మార్ట్ పరికరం ప్రపంచంలో ఎక్కడా లేదు.

మరి అందరినీ కూలరే కొనమని చెప్పొచ్చు కదా అంటారేమో. అలా చెప్పడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే ఇది నీళ్లు కరువైన సీమ. కూలరు రాత్రికి 40 లీటర్లు తాగుతుంది, అంటే రెండు మూడు బిందెలు. ఏప్రిల్‌లో బోర్లు ఎండి, ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియని వీధిలో ఆ రెండు మూడు బిందెలకు విలువ కట్టేది కరెంటు స్లాబు కాదు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఈ ప్రాంతం ఎన్నేళ్లుగా ఎదురు చూస్తోందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఉన్న బోరు నీళ్లు కూడా ఉప్పుమయం. ఒక్క వేసవి గడిచాక కూలరు గడ్డిని తీసి చూడండి. తేనెరంగు గడ్డి తెల్లగా, పెళుసుగా, సున్నం పూసినట్టు గట్టిపడి ఉంటుంది. వేలితో నొక్కితే పొడి రాలుతుంది. ఆ పొర కట్టాక నీరు గడ్డిలోకి ఇంకదు, గాలి దూరదు, మోటారు రొద మాత్రం మిగులుతుంది. కాబట్టి కూలరు కొనేవాళ్లు గడ్డిని ఏటేటా మార్చుకోవాలి, తొట్టెలో నీళ్లు వారానికోసారైనా పూర్తిగా పారబోసి కడగాలి. దోమల బాధ కూడా తగ్గుతుంది. మృగశిర దాటి తేమ గాలి మొదలైతే కూలరు పని అయిపోయినట్టే.

బండి నీళ్లు కొనుక్కునే ఇల్లయితే ఏసీయే నయమని నేనంటాను. కూలరు నీళ్లు తాగితే, ఏసీ గాలిలోని తేమను పిండి గొట్టంలోంచి బయటికి వదులుతుంది. మన పొడిగాలిలో అదేమంత ఎక్కువ రాదనుకోండి, మొక్కలకు పోయొచ్చు.

ఇక అసలు దొంగ నెత్తి మీద ఉన్నాడు. మన పాత ఇళ్లు చౌడుమట్టి మిద్దెలు. దూలాల మీద బండలో చెక్కలో పరిచి, పైన మూరెడు మందాన మట్టి వేసేవారు. పగటి ఎండ ఆ మట్టిని దాటి లోపలికి దిగేలోపే పొద్దు గూకేది. గత నలభై యాభై ఏళ్లలో వాటి చోట కాంక్రీటు స్లాబులు వచ్చాయి. నాలుగైదు అంగుళాల స్లాబు పగలంతా ఎండ తాగి, రాత్రి భోజనాల వేళకు అటునుంచి ఇటు వేడి కక్కడం మొదలుపెడుతుంది. రాత్రి పదింటికి పడక గదిలో నిలబడి చెయ్యెత్తి చూడండి, సీలింగు వైపు నుంచి సెగ తగులుతుంది. అప్పటికి బయట గాలి తిరిగి ఉంటుంది. మనమేమో తలుపులు బిగించుకుని, ఆ సెగతో ఏసీని కుస్తీకి దింపుతాం. ఏసీ కాల్చే కరెంటులో పెద్ద వాటా ఆ స్లాబుకే పోతోంది. రిమోట్ ఎంత తెలివైనదైనా స్లాబును చల్లార్చలేదు.

మార్కాపురం పలకలు బడిపిల్లల చేతుల్లోకే కాదు, విదేశాలకు కూడా వెళతాయి. అలాంటి రాయిని తవ్వి పంపే ఊళ్లో, నడినెత్తిన ఉన్న నల్లబడిన స్లాబుకు సున్నం కొట్టే ఓపిక మనకు లేకపోవడం నాకు కొంచెం చిత్రంగానే ఉంటుంది. తెల్లటి పూత ఎండను వెనక్కి తిప్పి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో దీని మీద ఒక విధానమే ప్రకటించింది, చల్లటి పైకప్పుల విధానం అని. పేరున్న కంపెనీల పూతలు ఖరీదే. సున్నమైతే చవక, రెండు పూతలు పడాలి, వానలకు వెలిసిపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాలి.

ఇంకొకటి, పాత ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు తీసుకుంటే, బీఎల్‌డీసీ అనే కొత్త రకం 30 వాట్లకు అటూఇటూగా తీసుకుంటుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకు 20 యూనిట్లు తగ్గుతాయి, అదీ బిల్లులోని పై స్లాబు నుంచి తగ్గుతాయి. స్మార్ట్ బిళ్ల ఏసీ మీద మిగిల్చే దానికి ఇంచుమించు సమానం. పైగా ఏసీ తిరిగేది మూడు నెలలే, ఫ్యాను పది నెలలు తిరుగుతుంది.

అయితే ఈ పరికరాలు ఎవరికీ అక్కర్లేదని నేననడం లేదు. దుబారా ఉన్నచోట వాటికి పనుంది. శ్రీశైలం దారిలో యాత్రికులు దిగే లాడ్జీలో గదికి తాళం వేసి వెళ్లినా ఏసీ తిరుగుతూనే ఉంటుంది. ఫంక్షన్ హాళ్లల్లో, కోచింగ్ సెంటర్లలో, సాయంత్రం అందరూ వెళ్లాక కూడా ఏసీలు తిరిగే ఆఫీసుల్లో ఎవరి బిల్లు ఎవరికీ పట్టదు. అక్కడ మనిషి లేడని గమనించి ఆపేసే పరికరం పెడితే డబ్బులు ఏడాది తిరక్కుండానే వస్తాయి. ఇళ్లల్లోనైతే నాకు తోచిన సందర్భం ఒక్కటే. మంచం దిగలేని పెద్దవాళ్లుండి, రిమోట్ వాడడం చేతకాక, పిల్లలు పక్క ఊళ్లోనో పై అంతస్తులోనో ఉంటే అది అక్కరకొస్తుంది. అప్పుడు మాత్రం లెక్క చూసుకోవద్దు. బిల్లుకు భయపడి డెబ్భై ఏళ్ల మనిషి రోహిణి కార్తెలో ఉడికిపోతూ పడుకోవడాన్ని నేను పొదుపు అనను.

కొనేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకుంటే మంచిది. ఇలాంటి పరికరం మన గోడకున్నా, దాని తెలివి కంపెనీ సర్వర్లలో ఉంటుంది. 2011, 2012 నాటి మొదటి రెండు తరాల నెస్ట్‌లకు గూగుల్ 2025 అక్టోబర్ 25తో సేవలు ఆపేసింది. గోడ మీద చేత్తో తిప్పితే పనిచేస్తాయి, ఫోన్‌తో మాత్రం మాట్లాడవు. టెక్సస్‌లోనే 2021 జూన్‌లో ఎండలు ముదిరి కరెంటుకు కటకట వచ్చినప్పుడు, కొందరి ఇళ్లల్లో థర్మోస్టాట్‌ను దూరం నుంచే పైకి జరిపారు. మధ్యాహ్నం నిద్రలోంచి చెమటతో లేచిన వాళ్లకు, లక్కీ డ్రా ఆశతో తాము ఎప్పుడో ఒక పథకానికి ఒప్పుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఇక వేళల సంగతికొస్తే, మన మామూలు ఇళ్లల్లో కరెంటు స్లాబు లెక్క పగలూ రాత్రీ చూడదు, నెల మొత్తం యూనిట్లే చూస్తుంది. కాబట్టి ఫలానా వేళలో వాడితే చవక అన్న లాభం కూడా ఇప్పటికి మనకు లేదు.

వచ్చే వేసవికి రెండు మూడు వేలు పక్కన పెట్టుకున్నవాళ్లు ముందు ఫిబ్రవరిలో, స్లాబు కాలకముందే, మిద్దె ఊడ్చి, నాచు గీకి, తెల్ల సున్నం రెండు పూతలు వేయించండి. రాలిపోకుండా కాస్త జిగురు కలపమని మేస్త్రీకి చెప్పండి. మార్చిలో ఏసీ ముందు మూత తీసి జల్లెడ కడగండి, మన దుమ్ముకు పదిహేను రోజులకోసారి కడిగినా తప్పులేదు. పడమటి కిటికీకి బయటివైపు తడికె కట్టండి, లోపలి కర్టెన్ కన్నా అదే మేలు. ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే పడక గదిలో ఫ్యాను మార్చండి. సున్నం బకెట్లో కలిపేటప్పుడు మాత్రం కళ్లు జాగ్రత్త, పిల్లల్ని దగ్గరకు రానివ్వకండి.